మా పిన్ని మాట పూర్తయ్యేదాకా

మా వీధిలో సగం మంది మా పిన్నిని మూగదనుకునేవాళ్ళు. మిగతా సగం మందికి అలాంటి మనిషి ఒకతె ఉందనే తెలియదు. కళ్ళజోళ్ళ షాపు, దాని వెనక ఒక గది, ఆ గదికి ఒక పరదా, పరదా వెనక అద్దాలు అరగదీసే రాయి ముందు మా పిన్ని. పందొమ్మిదేళ్ళు ఆవిడ చిరునామా అదే.

మూగది కాదు. నత్తి. అది కూడా ఒకే అక్షరాన్ని పదిసార్లు అనే నత్తి కాదు. మాట గొంతు దాకా వచ్చి అక్కడ తలుపేసుకుని కూర్చునే రకం. పెదవులు కదులుతాయి, మెడ నరాలు బిగుసుకుంటాయి, కళ్ళు గట్టిగా మూతపడతాయి, శబ్దం మాత్రం రాదు. అలా అయిదు సెకన్లు, ఒక్కోసారి పదిహేను. పదిహేను సెకన్లేగా అనిపిస్తుంది. ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ, నోరు తెరుచుకుని, అన్ని సెకన్లు నిలబడి చూడండి, తెలుస్తుంది.

షాపు మా నాన్నది. పిన్ని మా అమ్మకి చెల్లెలు, తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మమ్మా తాతయ్యా పోయాక మా ఇంటికొచ్చేసింది. చిన్నప్పటి నుంచీ ఆవిడ తరఫున మాట్లాడింది అమ్మే. బళ్ళో "హాజరు" చెప్పింది అమ్మ, డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పింది అమ్మ, పెళ్ళి చూపులకొచ్చిన వాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెప్పిందీ అమ్మే. ఆ సంబంధం ఎందుకు తప్పిపోయిందో వేరే చెప్పక్కర్లేదు. అబ్బాయి తరఫు వాళ్ళు బయటికెళ్తూ, "పెద్దమ్మాయి అయితే బాగుండేది" అన్నారట. మా అమ్మకి అప్పటికే నేను పుట్టాను.

షాపులో చేరిన కొత్తలో ఎవరో ఆవిణ్ణి, "పాపం, మూగదా?" అని అడిగారు. నాన్న అవునూ అనలేదు, కాదూ అనలేదు. పిన్నీ ఊరుకుంది. తర్వాత ఎప్పుడో నాతో అంది, ఆ రోజు ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో. మూగదాన్ని ఎవరూ ఏమీ అడగరు. అడగకపోతే భయం లేదు. అలా ఒక చిన్న అబద్ధంలోకి దూరి, లోపల్నుంచి గడియ పెట్టేసుకుంది.

పనిలో మాత్రం ఆవిణ్ణి మించిన చెయ్యి లేదు. గాజుని వేళ్ళ మధ్య తిప్పి, అంచు ఎక్కడ మందంగా ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. సారీ, చెప్పేది కాదు, చూపించేది. ఫ్రేములో అద్దం కూర్చుంటే టిక్కుమని ఒక చిన్న చప్పుడవుతుంది. ఆ చప్పుడు నచ్చకపోతే తీసేసి మళ్ళీ అరగదీసేది. నాన్న ముందు గదిలో కబుర్లు చెప్పి అమ్మేవాడు, పిన్ని వెనక గదిలో ఆ కబుర్లని నిజం చేసేది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

పక్క వీధిలో ఒక కుట్టుపని ఆవిడ ఉండేది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. అందరూ మిషనమ్మ అనేవాళ్ళు. మనిషి సన్నగా ఉన్నా గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. పాత ఫ్రేములోనే కొత్త అద్దాలు వేయమని కళ్ళజోడు, డాక్టరు చీటీ ఇచ్చి వెళ్ళింది. కొందరి కళ్ళకి పవరు ఒక్కటే సరిపోదు, గాజుని ఏ కోణంలో తిప్పి బిగించాలో కూడా డాక్టరు ఒక అంకె వేస్తాడు. ఆ కోణం తప్పితే నేల ఒక పక్కకి వాలినట్టుంటుంది, మెట్టు ఉన్నచోట కనబడదు. డాక్టరు చీటీ చూసి నాన్న తన చేత్తో పని చీటీ రాసి లోపలికి పంపేవాడు. ఆ రోజు ఎనభై అని రాయాల్సింది నూట ఎనభై అని రాశాడు.

పిన్నికి ఒక అలవాటుంది. కొత్త అద్దం మొదలుపెట్టే ముందు పాత అద్దాన్ని పవరు చూసే యంత్రం కింద పెట్టి చూస్తుంది. పాతది ఎనభై దగ్గర ఉంది. కోణం అంత మారదు. అనుమానం వచ్చి, చీటీ పట్టుకుని పరదా తీసి ముందు గదిలోకి వచ్చింది.

షాపు నిండా జనం. సెలవు రోజని నేనూ అక్కడే ఉన్నాను, బీరువాలో ఫ్రేములు తుడుస్తూ. పిన్ని చీటీ చూపించి నోరు తెరిచింది. మాట రాలేదు.

"ఏంటి, స్క్రూలైపోయాయా?" అన్నాడు నాన్న.

తల అడ్డంగా ఊపింది. మళ్ళీ నోరు తెరిచింది.

"ఫ్రేము విరిగిందా? రాయి అరిగిపోయిందా? కరెంటు పోయిందా?"

బెంచీ మీద కూర్చున్న ఒకాయన నవ్వాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. నాన్నకి కూడా సరదాగానే ఉంది, పొడుపుకథ విప్పుతున్నట్టు. నేనూ ఊరుకోలేదు. "టీ కావాలా పిన్నీ?" అన్నాను.

పిన్ని నావైపు చూసింది. తర్వాత నాన్న వైపు తిరిగి, వేలితో స్క్రూ తిప్పినట్టు చూపించి తలూపింది. అంతకు ముందే కాదన్న మాటని ఔననేసింది. నాన్న స్క్రూల డబ్బీ ఇచ్చాడు. అది పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అద్దాలు నూట ఎనభైకే బిగించింది.

మిషనమ్మ రెండు రోజుల్లో తిరిగొచ్చింది, తల తిరుగుతోందని. "కొత్త అద్దాలు కదమ్మా, అలవాటవుతాయి," అన్నాడు నాన్న. కొత్త జోడు తీసుకున్న ప్రతివాళ్ళకీ చెప్పే మాటే అది. అలవాటయ్యేలోపు ఆవిడ తన ఇంటి మెట్ల మీదే కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కత్తెర పట్టే చెయ్యి.

కట్టు కట్టించిన మర్నాడు వాళ్ళబ్బాయి షాపుకొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కేకలు వేయలేదు. డాక్టరు చీటీ, కళ్ళజోడు కౌంటరు మీద పెట్టి, "వేరే చోట చూపించాను. కోణం తప్పుందన్నారు. ఎలా జరిగింది?" అని మాత్రం అడిగాడు.

నాన్న చెడ్డవాడు కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ ఆ రోజు భయపడ్డాడు. భయపడ్డ మనిషి దగ్గర్లో ఎవరుంటే వాళ్ళని ముందుకి తోస్తాడు.

"లోపల పని చేసేది మూగదండీ. మనం ఒకటి రాస్తే దానికి ఇంకోటి అర్థమవుతుంది. ఏదో మా ఆవిడ చెల్లెలని పెట్టుకున్నాం," అన్నాడు.

పరదా కదిలింది.

పిన్ని బయటికొచ్చి కౌంటరు పక్కన నిలబడింది. చేతులకి గాజు పొడి. కళ్ళు మూసుకుంది, మెడ బిగుసుకుంది. నాన్న అలవాటుగా, "ఏంటి?" అని ఏదో అందించబోయాడు. పిన్ని అరచెయ్యి అడ్డం పెట్టింది. పందొమ్మిదేళ్ళలో ఆవిడ చెయ్యి అలా లేవడం నేను చూడలేదు. మేం ముగ్గురం అలాగే నిలబడ్డాం.

"మూ... మూగదాన్ని కాదు," అంది చివరికి.

వాళ్ళబ్బాయి ఉలిక్కిపడ్డాడు. ఆవిడ గొంతు అంత బొంగురుగా, అంత లోతుగా ఉంటుందని నాకూ గుర్తు లేదు.

"చీటీలో తప్పుంది. నాకు... నాకు తెలుసు. చెప్పాలని వచ్చాను. చె... చెప్పకుండా వెళ్ళిపోయాను. నవ్వారని. తప్పు రాసిన చెయ్యి బావది. తెలిసీ బిగించిన చెయ్యి నాది."

అంత చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆ అబ్బాయి కదలకుండా విన్నాడు. నాన్న ముఖం కందగడ్డయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. నాన్న ఒకటే మాట పట్టుకున్నాడు: ఇంటి పరువు పరాయివాడి ముందు తీసింది. అమ్మ మధ్యలో కూర్చుని ఇద్దరికీ సర్దిచెప్పబోయింది.

"అది అలా అనాలని అనలేదండీ. దాని ఉద్దేశం ఏంటంటే..."

"అక్కా," అంది పిన్ని. "నా... నా ఉద్దేశం నేను చెప్తాను."

"ఇన్నాళ్ళూ నీ తరఫున నేను మాట్లాడలేదా? ఎప్పుడైనా విసుక్కున్నానా?"

"లేదు. అదే... అదే వద్దంటున్నాను."

అమ్మ ఏడ్చింది. పిన్ని ఏడవలేదు. లేచి తన బట్టలు, తన స్క్రూడ్రైవర్లు, తను కొనుక్కున్న పాత చేతిరాయి ఒక సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. నలభై ఒక్క ఏళ్ళ మనిషి, ఎప్పుడూ ఒంటరిగా బస్సెక్కి టికెట్టు అడగని మనిషి. "భయంగా లేదా పిన్నీ?" అన్నాను. "చచ్చేంత," అంది. ఆ మాట మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఇద్దరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే సంచితో నేరుగా మిషనమ్మ ఇంటికి వెళ్ళింది. నేను తోడెళ్ళాను. దారిలో నేనే అన్నాను, "కావాలంటే నేను చెప్తాను పిన్నీ, నువ్వు పక్కనుండు చాలు." ఆవిడ ఆగిపోయి నావైపు ఎలా చూసిందంటే, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మిషనమ్మ మంచం మీద కూర్చుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. పిన్ని ఆవిడ ఎదురుగా నిలబడి నోరు తెరిచింది. రాలేదు. ఇంకోసారి. రాలేదు. చెమట్లు పట్టేశాయి.

"నిలబడ్డం దేనికి, కూర్చో," అంది మిషనమ్మ. "నిదానంగా చెప్పు. నాకేం పనుంది ఇప్పుడు? చెయ్యి విరగ్గొట్టి కూర్చోబెట్టారుగా. సాయంత్రం దాకా చెప్పినా వింటాను."

పిన్ని అంతా చెప్పింది. చీటీ, స్క్రూలు, నవ్వులు, అన్నీ. మిషనమ్మ ఒక్క మాట కూడా అందించలేదు. చివర్లో పిన్ని, "క్ష..." అని ఆగిపోతే, ఆ మాట ఏంటో తెలియనివాళ్ళెవరూ ఆ గదిలో లేకపోయినా, అది మొత్తం బయటికొచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

"సరే, క్షమించాను అనను," అంది ఆఖరికి. "చెయ్యి ఇంకా నొప్పెడుతోంది. ముందు నా జోడు సరిచెయ్యి."

పిన్ని అక్కడే, కిటికీ దగ్గర కూర్చుని సరిచేసింది. కొత్త గాజు నేను బజారు నుంచి తెచ్చిచ్చాను. మిషనమ్మ జోడు పెట్టుకుని గడప దాకా నడిచి, మెట్ల వైపు చూసి, "ఉన్నాయి, నాలుగూ ఉన్నాయి," అంది. తర్వాత, "నీ పెట్టే బేడా సర్దుకుని వచ్చినట్టున్నావు. ఎక్కడికి?" అని అడిగింది.

పిన్ని సంచి దగ్గరికి లాక్కుంది.

మిషనమ్మ ముందు గది వీధిలోకి ఉంటుంది. చెయ్యి బాగయ్యేదాకా కుట్టుపని లేదు. "మిషను ఆ మూలకి జరిపి నీ రాయి ఇటు పెట్టుకో. నాకూ తోడు," అంది. అలా మొదలైంది.

మొదలైంది అన్నానే గానీ, మొదటి పదిరోజులూ షాపు అనడానికేం లేదు. పిన్ని చేసిన మొదటి పని, గది మధ్య ఒక తాడు కట్టి పరదా వేలాడదీయడం. ఎవరైనా వస్తే పరదా వెనక్కి వెళ్ళిపోయేది. వచ్చినవాళ్ళు అటూ ఇటూ చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు పొద్దున తలుపు తీసే ముందు పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. ఒంట్లో బాగోలేదనుకున్నాను. మిషనమ్మ నాకు సైగ చేసి, "ఒంటికేం కాలేదు," అంది. పిన్ని ముఖం కడుక్కుని వచ్చేసరికి మిషనమ్మ ఎడమ చేత్తో పరదా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తాడుతో సహా ఊడొచ్చింది.

"మంచి మెత్తటి గుడ్డ," అంది, నా ఒళ్ళో పడేసి. "జానెడు జానెడు ముక్కలు కత్తిరించు. అద్దాలు తుడుచుకోవడానికి జోడుకొకటి ఇవ్వచ్చు."

నేను పిన్ని వైపు చూశాను. ఆవిడ సొరుగులోంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నమే పిన్ని ఒక అట్టముక్క తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి తగిలించింది:

"నాకు నత్తి ఉంది. చెవుడు లేదు. మాట పూర్తయ్యేదాకా ఆగండి, మధ్యలో అందించకండి. తొందరగా ఉన్నవాళ్ళకి పక్క వీధిలో ఇంకో షాపుంది."

పక్క వీధి షాపు ఎవరిదో వీధందరికీ తెలుసు. ఆ అట్ట చూడ్డానికే కొంతమంది వచ్చారు. వచ్చినవాళ్ళలో కొందరు జోడు బాగుచేయించుకున్నారు. జోడు సరిగ్గా కూర్చునేసరికి ఇంకో నలుగురిని పంపారు. అందరూ మంచివాళ్ళే వచ్చారని కాదు. ఒక కుర్రాడు, కాలేజీ చదువుతున్నట్టున్నాడు, పిన్ని ఆగిన చోటల్లా తనూ ఆగి, ఆవిడలాగే ముఖం పెట్టి వెక్కిరించాడు. వెనక అతని స్నేహితులు ముసిముసి నవ్వులు. నాకు ఒళ్ళు మండి లేవబోయాను.

పిన్ని అతని జోడు తుడుస్తూనే, "ఇం... ఇంకోసారి చెయ్యి. నీకు సరిగ్గా రాలేదు," అంది. "మెడ... మెడ ఇంకా బిగించాలి."

ఈసారి స్నేహితులు అతన్ని చూసి నవ్వారు. అతను ఎర్రబడిపోయి జోడు తీసుకున్నాడు. తర్వాతి నెలలో వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు, మర్యాదగా కూర్చున్నాడు.

నాన్న వచ్చింది మూడో నెలలో. అప్పటికి ఆయన ఇద్దరు పనివాళ్ళని మార్చాడు. ఒకడి అద్దాలు ఫ్రేములోంచి ఊడిపోయేవి, ఇంకొకడి అద్దాలు అసలు దూరేవే కాదు. మిషనమ్మ చెయ్యి బాగై మళ్ళీ కుడుతోంది. మిషను ఒక పక్క, రాయి ఒక పక్క, రెండూ చప్పుడు చేస్తున్నాయి. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు:

"జరిగిందేదో జరిగింది. ఇల్లు నీది కాదా? పద, ఇంటికి వచ్చెయ్యి."

రెండు చప్పుళ్ళూ ఆగాయి.

"నే..." అంది పిన్ని.

"నేనేం తప్పుగా అనలేదమ్మా ఆ రోజు..."

పిన్ని నోరు మూసింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ మొదటి అక్షరం నుంచి. "నే..."

"నేనే బతిమాలాలా? సరే, బతిమాలుతున్నా."

మళ్ళీ ఆగింది. మళ్ళీ మొదటి నుంచి. ఎవరైనా మాట అందిస్తే అక్కడినుంచి కొనసాగించకూడదని, మొదటికెళ్ళి మొదలుపెట్టాలని ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. నాన్నకి ఆ సంగతి తెలియదు. నాలుగుసార్లు అడ్డొచ్చాడు. నాలుగుసార్లూ ఆవిడ వెనక్కెళ్ళి మొదలుపెట్టింది, విసుక్కోకుండా, కళ్ళు దించకుండా. అయిదోసారికి నాన్న అలిసిపోయి ఊరుకున్నాడు.

"నే... నేను రాను, బావా."

"ఇంత చిన్న మాటకా ఇంతసేపు?"

"మీరు అడ్డు... అడ్డురాకపోతే ఎప్పుడో అయిపోయేది."

మిషనమ్మ నవ్వు ఆపుకోలేక సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. నాన్న లేచి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆయన ఆవిడతో ముక్తసరిగానే ఉంటాడు. ఆయన చేసింది తప్పని ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. పిన్ని కూడా దాని కోసం ఎదురుచూడలేదు.

అమ్మకి మాత్రం అలవాటవడానికి చాలా రోజులు పట్టింది. వారానికోసారి చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళేది. పిన్ని మాట ఆగినప్పుడల్లా అమ్మ పెదవులు వాటంతటవే కదిలేవి. అది చూసి కింది పెదవిని పళ్ళతో నొక్కిపెట్టుకుని కూర్చునేది పాపం, పంటి నొప్పి ఉన్నదానిలా. ఒకసారి నాతో అంది, "నేను సాయం చేస్తున్నాననే అనుకున్నానే. నలభై ఏళ్ళు." నేనూ అలాగే అనుకున్నాను.

పోయినేడు పిన్ని ఉండే వీధి వెడల్పు చేస్తామని పురపాలక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మిషనమ్మ ముందు గది, వరసలో ఇంకో పదకొండు గదులు పోతాయట. అభ్యంతరాలుంటే ఫలానా రోజు వచ్చి చెప్పుకోమన్నారు. ఎవరు మాట్లాడతారు అనుకుంటుంటే పిన్ని చెయ్యెత్తింది. అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకాయన ఉండబట్టలేక, "నువ్వు రాసిస్తే ఎవరైనా చదువుతారుగా," అన్నాడు. "రా... రాసిందీ నేనే, చదివేదీ నేనే," అంది.

ఆ పొద్దున కూడా వాంతి చేసుకుంది. భయం పోయిందని ఎవరూ అనుకోవద్దు. పోలేదు. ముఖం కడుక్కుని, కాగితం మడిచి, ముందు నడిచింది.

పెద్ద హాలు. ఎత్తు బల్ల వెనక ఒక అధికారి. ఒక్కొక్కళ్ళకి అయిదు నిమిషాలన్నాడు. పిన్ని మైకు ముందుకెళ్ళింది. మైకులో ఆవిడ మౌనం కూడా వినిపించింది, ఊపిరి, గొంతులో చిన్న చప్పుడు. వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. అయిదు నిమిషాలకి ఆవిడ మొదటి అభ్యంతరమే పూర్తి కాలేదు. అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. "అమ్మా, సారాంశం అర్థమైంది. మీరు చెప్పదలచుకున్నది ఏంటంటే..." అన్నాడు.

"కా... కాదు," అంది పిన్ని. "అది కాదు. మీరు అనుకున్నది నేను చెప్పడం లేదు. అయిదు నిమిషాలు గబగబా మాట్లాడేవాళ్ళకి. నా... నా అయిదు నిమిషాలు పొడుగు. కూర్చోండి."

ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. అయినా ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

వీధికి అవతలి వైపు ఖాళీ గోడ ఉందని, అటు జరిపితే ఒక్క గది కూడా పోదని, కొలతలతో సహా చెప్పింది. కొలిచింది తనే, మిషనమ్మ టేపుతో. పదిహేడు నిమిషాలు పట్టింది. వీధి విషయం ఇంకా తేలలేదు, ఫైలు ఎక్కడో తిరుగుతోంది. ఆ రోజు మాత్రం అధికారి రాసుకుంటూ, "అంతేనా అమ్మా?" అని అడిగాడు.

"ఇం... ఇంకో రెండున్నాయి," అంది పిన్ని, కాగితం తిరగేస్తూ.